చెవికి అందిన నవ్వు: ముళ్ళపూడి వెంకటరమణ రచనాజీవితం

మేడ్చల్ అన్నా, శామీర్‌పేట అన్నా నేడు చాలమందికి మొదట స్ఫురించేవి మందులు, టీకాలు. హైదరాబాదుకు ఉత్తరంగా, నాగపూరు బాట మీద ఒకటి, కరీంనగరం బాట మీద మరొకటి ఉన్న ఈ ఊళ్ళ పరిసరాలలో గడచిన ముప్పది సంవత్సరాలలో పరిశోధనాలయాలూ, కర్మాగారాలూ అనేకం వెలిసినవి. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్-బి అనే కాలేయవ్యాధికి టీకాను విడుదల చేసినది. జన్యుసాంకేతిక పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. ఆ సంస్థను స్థాపించిన కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు 2001లో మరొక పని కూడ చేశారు. హాస్యానికీ, సంగీతానికీ అంకితమైన ‘హాసం’ అనే పత్రికను ప్రారంభించారు.

టీకాలు చేసేవారికి నవ్వుల పత్రికతో ఏమి ప్రయోజనమని ఎవరైనా అడుగవచ్చును. వ్యాపారదృష్టితో చూచినచో ప్రయోజనం లేదనే చెప్పవలెను. పత్రిక కొద్ది సంవత్సరాలు మాత్రమే నడచినది. అయితే ఆ పేరుతోనే సాగిన ప్రచురణలలో ఒక పుస్తకం 2009లో వెలువడి తెలుగువారి ఇళ్ళలో స్థిరపడినది. అది ముళ్ళపూడి వెంకటరమణగారి స్వీయచరిత్ర ‘కోతికొమ్మచ్చి’. ఈనాటి మా ప్రసంగానికి ఆ పుస్తకమే ప్రేరణ.

రమణగారు పత్రికలలో పుట్టి, సినిమాలలో పెరిగి, బుల్లితెర వరకు నడచిన హాస్యరచయిత. ఇన్ని ఇళ్ళు మారిన రచయితలు సాధారణంగా ఏదో ఒక మజిలీలో తమ మాటను పోగొట్టుకొంటారు. పత్రికలో వెలిగిన వాక్యం తెర మీద చప్పబడుతుంది. తెర మీద మ్రోగిన మాట పుస్తకంలో వెలవెలపోతుంది. ఈయన మాటకు ఆ గతి పట్టలేదు. ఎందుచేత? ఆ హాస్యం మొదటినుండి కంటికంటె చెవిని నమ్ముకొన్నది కనుక అని మా అభిప్రాయం. రేడియో పెట్టె ఎదుట కూర్చుండే అలవాటు ఉన్న కుటుంబాలకు ఈ సంగతి ఇతరులకంటె తేలికగా బోధపడగలదు.

రమణగారు 1931 జూన్ 28న గోదావరి గట్టున ధవళేశ్వరంలో జన్మించారు. తండ్రి ఆనకట్ట కార్యాలయంలో ఉద్యోగి. ఇంటిలో పురాణపఠనాలు, భజనలు, నాటకాల ముచ్చట్లు సాగుతూ ఉండేవి. చిన్నతనంలోనే తండ్రి గతించడంతో ఆ సందడి అంతా ఒక్కసారిగా ఆగిపోయినది. తల్లి ఆదిలక్ష్మిగారు పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు చేరి, విస్తళ్ళు కుట్టి సంసారం నడిపారు. ఆకలి అంటే ఏమిటో, అద్దె ఇల్లు అంటే ఏమిటో, ఇచ్చినవాడికి ముఖం చాటువేయడం అంటే ఏమిటో ఆ బాలునికి పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన అగత్యం కలుగలేదు. తరువాతికాలంలో ఆయన అప్పుల మీద, ఆకలి మీద వ్రాసిన హాస్యానికి మూలధనం ఇదే.

ఆయన మొదటి రచనకు రేడియోతో చుట్టరికం ఉండడం మనకు ముచ్చట గొలిపే విషయం. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి ‘రేడియో అన్నయ్య’గా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరిగారు కలిసి 1945లో ‘బాల’ అనే మాసపత్రికను స్థాపించారు. ఆ పత్రికలోనే, ఆ సంవత్సరంలోనే, రమణగారి మొదటి కథ ‘అమ్మమాట వినకపోతే’ అచ్చయినది. అప్పటికి రచయిత వయస్సు పదునాలుగు సంవత్సరాలు. పిల్లలు మాట్లాడేది ఎట్లా మాట్లాడతారో అట్లాగే వినిపించాలనే పట్టుదల రేడియో అన్నయ్యగారిది. ఆయన పత్రికలో ఓనమాలు దిద్దుకొన్న బాలుడు పెద్దవాడై తెలుగులో పిల్లవాని మాటకు అంతకు ముందు లేని గౌరవం కల్పించాడు. గురువు ఋణం ఇంతకంటె చక్కగా తీరే మార్గం మాకు తోచదు.

మద్రాసులోని పి. ఎస్. హైస్కూలు ఆయనకు మరొక భాగ్యం ప్రసాదించినది. అక్కడ సహాధ్యాయిగా దొరికినవాడు సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఆ బాలుడే మన బాపు. రమణ వ్రాయడం, బాపు గీయడం అనే పద్ధతి ఆ బడిఈడులోనే ఏర్పడినది. ఇద్దరూ కలిసి ‘ఉదయభాను’ అనే చిన్న పత్రికను కూడ నడిపారు. ఆ స్నేహం అరువదియైదు సంవత్సరాలు ఎడతెగక సాగినది. ఒకరి పేరు చెప్పి రెండవవారి పేరు చెప్పకపోతే వాక్యం పూర్తి కాలేదని తెలుగువారికి అనిపించేటంతగా ఆ పేర్లు జంటపదమై పోయినవి.

చదువు ముగించి, చిన్న చిన్న ఉద్యోగాలు చేసిన పిమ్మట, 1950ల నడుమ రమణగారు ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులుగా చేరారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించిన సంస్థ అది. ఉపసంపాదకుని పని ఎట్లాంటిదో తెలిసినవారికి తెలుసును. గడియారం మెడమీద కూర్చుంటుంది. అచ్చుయంత్రం నోరు తెరచుకొని ఉంటుంది. చోటు ఇంత, మాటలు ఇన్ని. అక్కడ వ్రాసేవానికి అనవసరమైన మాట మీద మమకారం నశిస్తుంది. రమణగారి పొదుపైన వాక్యం ఆ పాఠశాలలో పదును దేరినదని ఊహించడంలో దోషం లేదు.

తెలుగు హాస్యం అప్పటికి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వీరేశలింగంగారి ప్రహసనాలు, చిలకమర్తివారి గణపతి, పానుగంటివారి సాక్షి వ్యాసాలు, మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశం, మునిమాణిక్యంవారి కాంతం, భమిడిపాటి కామేశ్వరరావుగారి నాటికలు తెలుగువారిని నవ్విస్తూనే ఉన్నవి. ఆ పెద్దలలో కొందరి నవ్వుకు సంఘాన్ని దిద్దవలెననే సంకల్పం ఉన్నది. కొందరి నవ్వుకు పాండిత్యపు అంచు ఉన్నది. రమణగారు ఎవరినీ దిద్దడానికి పూనుకొనలేదు. మధ్యతరగతి ఇంటి వసారాలో నిలుచుండి లోపలి మాటలు విన్నారు, విన్నవాటిని విన్నట్లే వ్రాశారు.

ఆ వినికిడికి పరాకాష్ఠ ‘బుడుగు’. 1956 ప్రాంతంలో ఆంధ్ర వారపత్రికలో బాపుగారి బొమ్మలతో అది ధారావాహికగా వచ్చినది. కథ చెప్పేవాడు బుడుగు అనే పిల్లవాడు. పెద్దలు పిల్లల గురించి చెప్పడం మనకు అలవాటే. ఇక్కడ పిల్లవాడు పెద్దల గురించి చెబుతాడు. అమ్మను రాధ అనీ, నాన్నను గోపాళం అనీ పేరుపెట్టి వ్యవహరిస్తాడు. బామ్మ, బాబాయి, బాబాయి చూపు పడిన రెండుజెళ్ళ సీత, ప్రైవేటు మేష్టర్లు, లావుపాటి పక్కింటి పిన్నిగారి మొగుడు - వీరందరూ వాడి న్యాయస్థానానికి రోజూ హాజరు కావలసినవారే.

ఇందులో ఒక పేరును గమనించండి. బుడుగు స్నేహితురాలు సీగానపెసూనాంబ. పెద్దలు పెట్టిన పేరు శ్రీ జ్ఞానప్రసూనాంబ అయి ఉండవలెను. పిల్లవాని నోటిలో సంయుక్తాక్షరాలు కరిగి అట్లా తయారైనది. కన్నుతో చదివేవానికి అది అక్షరదోషం. పైకి చదివి వినిపించండి. ఎదురుగా ఒక పిల్లవాడు నిలుచున్నట్లు ఉంటుంది. రమణగారు పిల్లవాని ఉచ్చారణను వర్ణించలేదు, వివరించలేదు, కొటేషను గుర్తులలో పెట్టి క్షమాపణ చెప్పుకొనలేదు. చెవికి వచ్చిన ధ్వనిని కాగితం మీద నిలబెట్టారు. దానికి తోడు బుడుగు తర్కం. పెద్దలు చెప్పిన నీతులను వాడు అక్షరాలా నమ్ముతాడు. నమ్మినందువల్లనే ఆ నీతులలోని డొల్లతనం బయటపడుతుంది. ఇది వెక్కిరింత కాదు; అద్దం పట్టడం.

అప్పుల అప్పారావు పాత్రతో ఆయన వ్రాసిన ‘ఋణానందలహరి’ మరొక విధమైన నవ్వు. అప్పు చేయడం అప్పారావుకు అవసరం మాత్రమే కాదు, కళ, తపస్సు, వేదాంతం. శంకరభగవత్పాదుల స్తోత్రాలను స్ఫురింపజేసే పేరు పెట్టి, చేబదులును మోక్షమార్గంగా నిరూపించడంలోని గడుసుదనం తెలియనిది కాదు. కాని కొంతసేపు నవ్విన పిమ్మట ఒక విషయం మనకు తట్టుతుంది. ఇందులో అప్పు ఇచ్చినవాడు క్రూరుడు కాడు, పుచ్చుకొన్నవాడు నీచుడు కాడు. ఇద్దరి జేబులూ దాదాపు ఖాళీయే. లేమిని ఎరిగినవాడు లేమిని చూచి నవ్వేటప్పుడు ఆ నవ్వులో పొగరు ఉండదు. రాజకీయాల మీద భేతాళ కథలు, సినిమాలోకం మీద విసుర్లు కూడ ఆయన వ్రాశారు. వాటికి కారం ఎక్కువ. అయినా కాలం గడచినకొద్దీ నిలిచినవి కారంగా ఉన్నవి కావు, జాలి కలిసినవి.

సినిమా ఆయనను పిలిచిన తీరు విచిత్రమైనది. హాస్యరచయితగా పేరు పొందిన మనిషికి 1962లో వచ్చిన ‘రక్తసంబంధం’ చిత్రంతో ప్రవేశం లభించినది. అన్నాచెల్లెళ్ళ ప్రేమను గూర్చిన ఆ కథ చూడవచ్చినవారందరినీ కంటతడి పెట్టించినది. నవ్వించేవానికి ఏడిపించే పని అప్పగించడం పొరపాటుగా తోచవచ్చును. కాని తెరకు కావలసినది ఛలోక్తి కాదు, ఆ మనిషి ఆ క్షణంలో నిజంగా పలికే మాట. అది పట్టుకొనగల చెవి ఉన్నవానికి నవ్వైనా ఒకటే, కన్నీరైనా ఒకటే. అటుపిమ్మట 1964లో ‘దాగుడుమూతలు’, ‘మూగమనసులు’ చిత్రాల రచనలో ఆయన చేయి ఉన్నది. 1967లో బాపుగారు మొదటిసారిగా దర్శకత్వం వహించిన ‘సాక్షి’ని గోదావరి తీరాన పులిదిండి గ్రామంలో చిత్రించారు. ‘బుద్ధిమంతుడు’, ‘అందాల రాముడు’ వంటివి ఆ తరువాత వచ్చినవి.

వాటిలో 1975 నాటి ‘ముత్యాలముగ్గు’ను గూర్చి కొంచెం ఆగి చెప్పవలెను. అందులో రావు గోపాలరావుగారు ధరించిన కాంట్రాక్టరు పాత్ర దుర్మార్గుడు. కాని కేకలు వేయడు, పళ్ళు కొరుకడు. తీరికగా, రసికుడై, గోదావరి యాసలో కమ్మగా మాట్లాడుతాడు. మాట ఎంత తీయగా ఉంటే మనిషి అంత భయంకరంగా కనబడుతాడు. ఆ సంభాషణలు గ్రామఫోను రికార్డులుగా వెలువడి, పెళ్ళిపందిళ్ళలోనూ, కాఫీహోటళ్ళలోనూ పాటలతో సమానంగా మ్రోగినవి. బొమ్మ లేకుండ కేవలం మాట మాత్రమే జనాన్ని నిలబెట్టి వినిపించుకొన్నది. సినిమా శబ్దాన్ని కుదించి రేడియోవారు ‘సంక్షిప్త శబ్దచిత్రం’గా ప్రసారం చేసిన రోజులు మన శ్రోతలకు జ్ఞాపకం ఉండే ఉంటవి. ఆ పరీక్షకు నిలిచే సినిమాలు కొన్నే. కళ్ళు మూసుకొన్నా కథ నడవవలెను, మనుష్యులు గుర్తు పట్టబడవలెను. రమణగారి మాటలకు ఆ పరీక్ష కష్టం కాలేదు.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయరాదు. ఈ హాస్యమంతా గోదావరి జిల్లాల నుడికారంలో సాగినది కదా. మేడ్చల్ సంతలో, శామీర్‌పేట చెరువుగట్టున వేరొక తెలుగు వినబడుతుంది. అక్కడ కుర్రవాడు కాదు, పోరడు. ఉర్దూ మాటలు నూరేళ్ళ నాటి చుట్టాల వలె నట్టింటిలోనే తిరుగుతుంటవి. అక్కడి ఇళ్ళకు బుడుగు పరాయివాడు కాడా? ఈ ప్రశ్న వెనుక ఒక బాధ ఉన్నది. తెలంగాణపు యాసను మన చలనచిత్రాలు చిరకాలం విదూషకుని నోటిలోనో, దుష్టుని నోటిలోనో మాత్రమే పెట్టినవి. తమ ఇంటిమాటను చూచి ఇతరులు నవ్వుతుంటే ఎవరికైనా మనస్సు చివుక్కుమంటుంది. అది న్యాయమైన ఫిర్యాదు.

ఈ తూకంలో పెట్టి చూచినప్పుడు రమణగారి నడత గమనింపదగినది. ముత్యాలముగ్గులోని దుష్టునికి ఆయన అరువు తెచ్చి ఇచ్చినది ఇతరుల యాసను కాదు; తన సొంత జిల్లా మాటను. బుడుగు ఇంటి బడాయిలు, అప్పారావు ఎత్తులు అన్నీ తన చుట్టుపక్కలవారివే. నవ్వవలసి వచ్చినప్పుడు ముందు తన వాకిలి ఊడ్చుకొన్నవాడు ఆయన. అందుచేత ఆ నవ్వు పొరుగుజిల్లాకు వెళ్ళినా తగవు పెట్టుకొనలేదు. ఒక ఆదివారం శామీర్‌పేట చెరువు వద్ద అల్లరి చేస్తున్న పిల్లవాణ్ణి, స్వచ్ఛమైన ఆ ప్రాంతపు యాసలో గదమాయిస్తూ, ఒక తల్లి బుడుగు అని పిలవగా మేము విన్నాము. ఆమె ఆ పుస్తకం చదివినదో లేదో మేము అడుగలేదు. అడుగవలసిన పని కూడ లేదు. పుస్తకంలోని పేరు చదువనివారి నోటికి చేరినప్పుడే అది భాషలో కలిసినట్లు. అయినప్పటికీ మేడ్చల్ మాటను కూడ అంత ప్రేమతో, అంత శ్రద్ధతో విని వ్రాసే హాస్యరచయితలు మనకు ఇంకా ఎక్కువగా కావలెననడంలో వాదం లేదు.

ఇక బుల్లితెర సంగతి. హైదరాబాదు దూరదర్శన కేంద్రం 1977లో ప్రారంభమైనది. 1980లలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వం పాఠశాల పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేసే పనిని బాపురమణలకు అప్పగించినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వారు ఈటీవీకి ‘శ్రీభాగవతం’ ధారావాహికను రూపొందించారు. చూడండి, ఎంత చిత్రమో! సినిమా ఈ హాస్యరచయితను మొదట కన్నీటికథకు పిలిచినది. బుల్లితెర ఆయనను పాఠానికీ, పురాణానికీ పిలిచినది. నవ్వించమని అడుగలేదు. అయినా ఆయన కాదనలేదు. పాఠం చెప్పేవానికి పిల్లవాని చెవి తెలియవలెను. అది బుడుగు నాటి విద్య. పురాణం చెప్పేవానికి ఇంటిల్లిపాదీ కూర్చుని వినే పద్ధతి తెలియవలెను. అది ధవళేశ్వరంలోని ఇంటి విద్య. బాల్యంలో తండ్రి వసారాలో విన్న పురాణపఠనం డెబ్బది ఏళ్ళ వయస్సులో తెర మీదికి వచ్చినదన్న మాట.

బుల్లితెర మీద హాస్యానికి వేరే రచయితలు బయలుదేరారు. గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ 2001 నుండి 2007 వరకు 313 భాగాలుగా జెమినీ టీవీలో ఆదివారాలలో ప్రసారమై ఇంటింటినీ నవ్వించినది. వారం వారం ఒకే మనుష్యులను కొత్త చిక్కులలో పెట్టి నవ్వించే ఈ పద్ధతికి మూలం ఎక్కడ ఉన్నదని ఆలోచిస్తే మనకు పాత వారపత్రికలే జ్ఞాపకం వస్తవి. బుడుగు కూడ అట్లాగే వారం వారం వచ్చేవాడు. పాఠకుడు వారానికొకమారు ఎదురుచూచే చుట్టరికం మొదట పత్రిక నేర్పినది. రేడియో దానిని గొంతుతో నింపినది. టెలివిజను దానికి ముఖం ఇచ్చినది. అయితే ఒక నష్టం కూడ ఉన్నది. పత్రికలో కథ క్రింద రచయిత పేరు నిలిచి ఉంటుంది. తెర మీద పేరు పరుగెత్తిపోతుంది. నటుని ముఖం మాత్రం మిగులుతుంది. మాట పుట్టించినవానిని మరచిపోవడం ప్రేక్షకునికి చాల సులభం.

బహుశా ఆ కారణం చేతనే కావచ్చును, జీవితం చివర రమణగారు మళ్ళీ పత్రిక గుమ్మంలోనే అడుగుపెట్టారు. తన ఆత్మకథను స్వాతి వారపత్రికలో ధారావాహికగా వ్రాశారు. కొమ్మ నుండి కొమ్మకు దుమికే పిల్లల ఆట పేరే దానికి పెట్టుకొన్నారు. కథ కూడ అట్లాగే నడుస్తుంది. ధవళేశ్వరంలో మొదలైన మాట మద్రాసులో తేలుతుంది. ఆకలిని గూర్చిన ప్రకరణం నవ్వుతో ముగుస్తుంది. నవ్వుతో మొదలైనది తల్లి చేతి విస్తరాకు దగ్గర ఆగి గొంతు పట్టుకొంటుంది. దాని తరువాతి భాగాలు కూడ హాసం ప్రచురణలుగానే వెలువడినవి. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారి గళంలో అది శ్రవ్యగ్రంథంగా కూడ వచ్చినది. చెవితో ప్రారంభమైన రచన తిరిగి చెవిని చేరినది. అంతకు ముందే ఆయన సమస్త రచనలను ఎమ్బీయస్ ప్రసాద్‌గారు సంపాదకులై సాహితీసర్వస్వంగా కూర్చగా, విశాలాంధ్రవారు సంపుటాలుగా ప్రచురించారు. పత్రికల పాత ప్రతులలో పడి చెదలు తినవలసిన హాస్యానికి అట్లా నీడ దొరికినది.

2011 ఫిబ్రవరి 24న రమణగారు మద్రాసులో కన్నుమూశారు. ఆయన మాటలు వ్రాసిన ‘శ్రీరామరాజ్యం’ ఆ ఏడాది నవంబరులో విడుదలైనది. బాపుగారు 2014 ఆగస్టు 31న ఆయనను అనుసరించారు.

హాస్యరచన తేలిక పని అనీ, హాస్యరచయిత రెండవ తరగతి సాహిత్యకారుడనీ మనలో ఒక అపోహ ఉన్నది. నవ్వు వెంటనే వస్తుంది గనుక దాని వెనుక శ్రమ లేదనుకొంటాము. టీకా వేయించుకొన్నవానికి కూడ సూది నొప్పి క్షణమే. దాని వెనుక సంవత్సరాల పరిశోధన ఉన్నదని తెలియదు. మేడ్చల్ టీకాలశాల అధిపతి నవ్వుల పత్రికను ఎందుకు పెట్టినాడో ఇప్పుడు మనకు కొంత బోధపడవచ్చును. రెండూ రోగం రాకముందే ఇవ్వవలసినవి. లేమి మనిషిని కఠినుణ్ణి చేయకముందే నవ్వు అందినచో, ఆ మనిషి విస్తళ్ళు కుట్టిన తల్లిని తలచుకొని కూడ లోకం మీద కసి లేకుండ వ్రాయగలుగుతాడు. రమణగారి జీవితం అందుకు సాక్ష్యం.

శ్రోతలకు మా మనవి ఒక్కటే. ఏదో ఒక సాయంకాలం, రేడియోలో వార్తలు ముగిసిన పిమ్మట, పెట్టె కట్టివేసి బుడుగును తెరవండి. మనసులో చదువుకొనవద్దు. ఇంటిలో ఒకరు పైకి చదువండి, తక్కినవారు వినండి. మీ ఇంటి యాస ఏదైతే ఆ యాసలోనే చదువండి. నాలుగు పుటలు దాటకముందే మీ ఇంటి పిల్లవాడు వచ్చి, అది తన కథేనని వాదించడం మొదలుపెడతాడు. వాణ్ణి కాదనకండి.